నీలమ్మ ముట్టని ఎంగిలి

నీలమ్మకు మనుషుల మలమూత్రాల మీద ఏనాడూ అసహ్యం లేదు. ఆమె అసహ్యమంతా మనుషుల మీదే.

చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి, పంక్చర్ దుకాణం పక్క సందులోకి తిరిగితే ఇనుప గేటున్న పాత మేడ ఒకటుంది. దానికి రాహత్ నిలయం అని పేరు పెట్టి ఒక ట్రస్టు వాళ్లు వృద్ధాశ్రమం నడుపుతున్నారు. అందులో నీలమ్మ ఆయా. పక్కలు మార్చడం, పుండ్లు కడగడం, ఒళ్లు తుడవడం, తినిపించడం, తిన్నది కక్కితే ఎత్తిపోయడం, అన్నీ ఆమె పనులే. ఏ పనికీ ముక్కు చిట్లించదు. కొత్తగా చేరిన ఆయాలెవరైనా మూతికి చున్నీ చుట్టుకొని లోపలికి వస్తే, “ఏందమ్మా, పుట్టినకాన్నుంచి నువ్వు అత్తరే ఏరుగుతున్నవా?” అని అడిగేస్తుంది. ఆ మాటకే పని మానేసి పోయిన పిల్లలున్నారు.

ఆమెకు కడుపులో తిప్పేవి వేరే ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి వచ్చి, తల్లి మంచానికి బారెడు దూరంలో నిలబడి, గోడను అడిగినట్టు ‘బాగున్నవా’ అని అడిగిపోయే కొడుకులు. పుట్టినరోజు కేకు తెచ్చి, ముసలాళ్ల మూతులకు క్రీము పూసి ఫోటోలు దిగి, గేటు దాటకముందే చేతులకు శానిటైజర్ రాసుకునే దాతలు. వాళ్లను చూసినప్పుడల్లా ఆమెకు తుపుక్కున ఉమ్మాలనిపిస్తుంది. నీలమ్మ ఉండేది మలక్‌పేటలో, రేస్‌కోర్సు గోడ వెనక బస్తీలో. “ఆ గుర్రాలు నయం. పొద్దున లేస్తే వాటి మూతి నిమిరెటోడు ఒకడుంటడు” అంటుంది.

ఆమెకున్న పట్టింపు ఒక్కటే. ఎవరి ఎంగిలీ తినదు.

ఆ పట్టింపు తల్లి నాగమణమ్మ పెట్టింది. నాగమణమ్మ ఇండ్లల్లో అంట్లు తోమేది. సాయంత్రం వచ్చేటప్పుడు, ఆ ఇండ్లవాళ్లు మిగిల్చినదంతా ఒక డబ్బాలో కలిపి తెచ్చేది. పప్పు, పులుసు, పెరుగు అన్నీ ఒకటే రంగులో ఉండేవి. పిల్లలు ఆత్రంగా తినేవారు. ఒకరోజు నీలమ్మ నోట్లోకి అన్నంతోపాటు పీచులాంటిదేదో వచ్చింది. తీసి చూస్తే, ఎవరో నమిలి పడేసిన మునక్కాయ పిప్పి. నీలమ్మ అక్కడికక్కడే కక్కుకుంది. నాగమణమ్మ ఆ డబ్బాను అట్లాగే తీసుకుపోయి మురికి మోరీలో బోర్లించి వచ్చి, పిల్లలను ముందు కూర్చోబెట్టుకొని, “పస్తులుండనీ బిడ్డా. ఇయ్యాల్టి సంది ఒకరి ఎంగిలి మనకొద్దు” అంది. తల్లి పోయింది గానీ నీలమ్మ ఆ మాట తప్పలేదు. కన్నకొడుకు జోయెల్ కొరికిన జామకాయ కూడా ముట్టదు. పెళ్లిళ్ల సీజనులో ఫంక్షన్ హాళ్ల నుంచి మిగిలిన బిర్యానీ ఆశ్రమానికి వస్తుంటుంది. మిగతా ఆయాలు ఎగబడి తింటుంటే, నీలమ్మ ఒక మూలకు తిరిగి తన టిఫిన్ డబ్బా మూత తీసుకుంటుంది. ఎంత బతిమాలినా ఆ బిర్యానీలో వేలు పెట్టదు.

మే నెలలో, ఎండలు మాడ్చేస్తున్న రోజుల్లో, మేనేజర్ ప్రకాశం ఆయాలందరినీ పిలిచాడు. ఈయన కొత్తగా వచ్చాడు. అంతకుముందు ఏదో హోటల్లో రిసెప్షన్ చూసేవాడట. ఆ వాసన ఇంకా పోలేదు. వచ్చిన మొదటి వారమే, వీళ్లను ముసలాళ్లు అనకూడదు, ‘సీనియర్ గెస్టులు’ అనాలని చెప్పాడు.

“మన గెస్టులకు, వాళ్ల ఫ్యామిలీలకు సమ్మర్ పార్టీ పెడుతున్నం. థీమ్ ఎల్లో. అందరికీ పసుపు రంగు బట్టలు. బెలూన్లు, ఫోటోలు దిగెటందుకు ఫ్రేము, మ్యూజికల్ చైర్స్...”

“మ్యూజికల్ చైర్సా?” నీలమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. “సార్, మనోళ్లల్ల సగం మందికి కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు. వాళ్లతోని కుర్చీలాటేంది సార్? తుంటి ఇరిగితే మీరొచ్చి ఎత్తుకుంటరా?”

ప్రకాశం ముఖం మాడ్చుకొని కుర్చీలాటను వదిలేశాడు. కానీ అసలు మాట ఆ తర్వాత వచ్చింది. సొంగ కారేవాళ్లు, ఊరికే అరిచేవాళ్లు, బట్టలు పాడు చేసుకునేవాళ్లు ఆరోజు వెనక గదిలో ఉండాలట. అక్కడ కూలర్ వేసి తలుపు దగ్గరికి వేస్తారట. వచ్చిన ఫ్యామిలీలు హ్యాపీగా ఫీలవ్వాలట. వెనక గది బాధ్యత నీలమ్మదట. చివరికి ఆయన ఆమె చేతిలో మల్లెపూల వాసన వచ్చే స్ప్రే డబ్బా ఒకటి పెట్టాడు.

“అరగంటకోసారి కొట్టాలె నీలమ్మా.”

నీలమ్మ ఆ డబ్బా మూత తీసి వాసన చూసింది. ఆమెకు నిజంగా వాంతి వచ్చినంత పనైంది.

వెనక గదిలో ఉండాల్సినవాళ్లలో జహీరా బీ ఒకరు. బార్కాస్‌లో పెద్ద ఇంటి మనిషి. ఒకప్పుడు ఆ ఇంట్లో పొయ్యి ఆరేది కాదని చెప్పుకుంటారు. భర్త పోయాడు, ఇల్లు అమ్ముడుపోయింది, కొడుకులు, కోడళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇప్పుడామెకు మనుషులు గుర్తులేరు, మాటలు లేవు. ఎడమ పక్క మూతి వంకరపోయి ఎప్పుడూ సొంగ కారుతుంటుంది. చేతులు ఒకచోట నిలవవు. డైపర్‌లోకి చెయ్యి పోనిచ్చి, ఆ చేతినే గోడకు, దుప్పటికి, జుట్టుకు రాసుకుంటుంది. నీలమ్మ ఆమెను ‘బీబమ్మా’ అని పిలుస్తుంది. పొద్దున్నే ఆ వేళ్లను సబ్బుపెట్టి ఒక్కొక్కటిగా తోముతూ, “రాణిలెక్క బతికినవంట. చూడు, గోళ్లల్ల ఏం పెట్టుకున్నవో” అని తిడుతుంది.

ఆ జహీరా బీ కొంతకాలంగా తినడం మానేసింది. స్టీలు పళ్లెంలో మెత్తగా కలిపి చెంచాతో పెడితే పెదవులు బిగపట్టుకుంటుంది. బలవంతాన కుక్కితే ఉమ్మేస్తుంది. ఎముకలు తేలిపోయాయి. డాక్టరు చూసి, ఇట్లాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు. గొట్టమున్నవాళ్లను రాహత్ నిలయంలో ఉంచుకోరు. అందుకని ప్రకాశం ఆమె కూతురు ఫరీహాకు ఫోన్ చేశాడు. పార్టీ రోజు వస్తానని, అదేరోజు తల్లిని గొట్టం వేసే చోటికి తీసుకుపోతానని ఆమె చెప్పింది. అట్లాంటి చోట్లు నీలమ్మకు తెలుసు. గొట్టం పీక్కోకుండా మంచానికి చేతులు కట్టేస్తారు. గోడకు రాసేది, దుప్పటికి రాసేది ఆ చేతులేగా అని తిట్టిన మనిషే, ఆ చేతులను కట్టేస్తారని తలుచుకొని రెండు రాత్రులు నిద్రపోలేదు.

“నా తల్లివి కదా, ఒక్క చెంచా తినే” అని బతిమాలింది. జహీరా బీ పెదవులు విప్పలేదు.

పార్టీ వంట బార్కాస్‌లో మండి చేసే షాహెద్‌కు అప్పజెప్పారు. మటన్ ముక్కలు, ఎండుద్రాక్ష వేసి కారం లేకుండా వండే అన్నం అది. ముసలాళ్లకు పడుతుందని ప్రకాశమే ఎంచాడు. “నలభై మందికి. వడ్డన ఏర్పాట్లన్నీ మీవే” అన్నాడు. షాహెద్ తలూపాడు.

పార్టీ రోజు సాయంత్రం ఎండ దిగాక ఫ్యామిలీలు వచ్చాయి. పసుపు జుబ్బాల్లో, పసుపు చీరల్లో కూర్చోబెట్టిన ముసలాళ్లు చెమటకు తడిసిపోయి ఉన్నారు. వచ్చినవాళ్లు అట్ట ఫ్రేములో తలలు పెట్టి ఫోటోలు దిగారు. నీలమ్మ వెనక గది తలుపు సందులోంచి ఇదంతా చూస్తూ, పళ్లు నూరుతూ కూర్చుంది. స్ప్రే డబ్బాను ఎప్పుడో చెత్తబుట్టలో వేసింది.

అప్పుడు షాహెద్ ఆటో వచ్చింది. దానిలోంచి చాపలు దిగాయి, భోజనాలకు పరిచే పొడవాటి దస్తర్‌ఖాన్ గుడ్డలు దిగాయి, పొగలు కక్కే గిన్నెలు దిగాయి. వాటి వెనక, బండి చక్రమంత వెడల్పున్న, థాల్‌లనే పళ్లేలు పది దిగాయి. ఇంకేమీ దిగలేదు.

“ప్లేట్లేవి?” అన్నాడు ప్రకాశం.

“ఇవిగో సాబ్, పది థాల్‌లు. ఒక్కోదానికి నలుగురు. నలభై మంది అయిపాయె.”

“అరే, విడివిడి ప్లేట్లు భాయ్! ఒక్కొక్కరికి ఒక ప్లేటు! చెంచాలు!”

షాహెద్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. వాళ్ల బార్కాస్‌లో మండి అంటే నేల మీద థాల్, దాని చుట్టూ మనుషులు, అందరి చేతులూ అందులోనే. విడి ప్లేట్లు కావాలనే ఆలోచనే అతనికి తట్టలేదు. “మండీకి ప్లేట్లు కైకు సాబ్? ఇంటోళ్లే కదా అందరూ? అమ్మ, నాయిన, పిల్లలు. ఒక్క థాల్‌ల తినేటోళ్లే కదా?”

ఆ మాట విన్న ఇంటివాళ్ల ముఖాలు చూడాలి. నీలమ్మ తలుపు పూర్తిగా తెరుచుకొని మరీ చూసింది. ప్రకాశం ఆదరాబాదరా ఎవరినో ప్లేట్ల కోసం పంపబోతే, ఆ వేళకు దుకాణాల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అన్నం చల్లారిపోతుందని షాహెద్ గొడవ చేశాడు. చివరికి దస్తర్‌ఖాన్‌లు పరిచారు. ఎవరి పెద్దవాళ్ల పక్కన వాళ్లు కూర్చోక తప్పలేదు.

ఇక మొదలయ్యాయి వేషాలు. ఒకావిడకు ఉన్నట్టుండి గ్యాస్ పట్టేసింది. ఒకాయన ఇంట్లో తినే వచ్చాడట. కార్వాన్‌లో గడియారాలు బాగుచేసిన ఇషాక్ సాబ్ ఎన్నాళ్లకో కొడుకు జీషాన్ పక్కన కూర్చున్నాడని మురిసిపోయి, వణికే చేత్తో ఒక మంచి ముక్క తీసి కొడుకు వైపు జరిపాడు. జీషాన్ ఆ ముక్కకు ఆనుకొని ఉన్న అన్నాన్ని కూడా వదిలేసి, తన వైపు అంచులో గోటితో గీత గీసినట్టు ఒక హద్దు పెట్టుకున్నాడు. “డైటింగ్ అబ్బా” అన్నాడు. ఇషాక్ సాబ్ ఆ ముక్కను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నీలమ్మకు జీషాన్ చెంప పగలగొట్టాలనిపించింది.

అంతలో ఫరీహా వచ్చింది. టోలీచౌకిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. మంచి బట్టలు, అలసిన ముఖం. “అమ్మీ ఎక్కడ?” అని అడిగింది.

“పడుకున్నారు మేడం. డిస్టర్బ్ చెయ్యొద్దని” అన్నాడు ప్రకాశం, మొహం మీది నవ్వు చెదరకుండా.

నీలమ్మ ఇంక ఆగలేకపోయింది. లోపలికి పోయి, కళ్లు తెరుచుకొని పైకప్పును చూస్తున్న జహీరా బీని లేపి, ఆ రెండు చేతులనూ మోచేతుల దాకా మళ్లీ ఒకసారి సబ్బుతో కడిగి, చక్రాల కుర్చీలో తోసుకుంటూ అందరి మధ్యలోంచి తెచ్చింది. ప్రకాశం కళ్లతో వారిస్తూనే ఉన్నాడు. ఎవరూ కూర్చోని పదో థాల్ దగ్గర ఆమెను దించి, దిండు ఆనించింది. “మీ అమ్మ లేచింది మేడం. రండి, కూసోండి” అంది ఫరీహాతో. ఫరీహా వచ్చి ఎదురుగా కూర్చుంది. జహీరా బీ జారిపోకుండా నీలమ్మ పక్కనే చతికిలబడింది.

జహీరా బీ థాల్‌ను చూసింది. చాలాసేపు చూసింది. ఒకచోట నిలవని ఆ చెయ్యి మెల్లగా లేచి అన్నంలోకి పోయింది. ఒక ముక్క తుంచింది, నాలుగు మెతుకులు కలిపింది, బొటనవేలితో నొక్కి ముద్ద చేసింది. కానీ ముద్ద ఆమె నోటికి పోలేదు. ఎదురుగా కూర్చున్న ఫరీహా వైపు పోయింది.

ఫరీహా వెనక్కి జరిగింది. “ఆప్ ఖావో అమ్మీ” అంది. మీరు తినండి అని.

చెయ్యి అట్లాగే ఉంది. సొంగ చుబుకం మీది నుంచి జారి మణికట్టు మీద పడింది.

“అది తీసుకోవాలె బేటీ” అన్నాడు వడ్డించడానికి వచ్చిన షాహెద్. “మా ఇండ్లల్ల పెద్దోళ్లు మొదటి నివాలా ముద్ద ఎదుటోళ్లకు పెడ్తరు. వాళ్లు తినందే ఈమె ముట్టదు.”

స్టీలు పళ్లెం, చెంచా, ఎదురుగా తినే మనిషి లేకపోవడం. ఇన్నాళ్ల బిగబట్టిన పెదవులూ నీలమ్మ కళ్ల ముందు తిరిగాయి. “తిను మేడం! ఒక్క ముద్ద! నువ్వు తింటే ఆమె తింటది. గొట్టం బాధ తప్పుతది!”

ఫరీహా చున్నీని ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముద్ద వైపు కొంచెం వంగింది. సొంగ చూసి కళ్లు గట్టిగా మూసుకుంది. “నాతోని కాదు” అంది. “నాకు వాంతి వస్తది. నాతోని కాదు.”

“కన్నతల్లి చెయ్యి కదమ్మా! ఛీ, ఏం మనుషులు మీరు?” అనేసింది నీలమ్మ, అందరి ముందూ.

ఫరీహా కళ్లు తెరిచింది. వాటిలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది. “నీకు అలవాటే కదా. నువ్వు తిను మరి.”

నీలమ్మ ఆ చేతి వైపు చూసింది.

అలవాటే. ఆ చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో ఈ లోకంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పొద్దున ఆ గోళ్లలోంచి ఏం తీసిందో కూడా తెలుసు. తుడవమంటే వెయ్యిసార్లు తుడుస్తుంది. కానీ తినడమా? నాలుక మీద ఎప్పటిదో మునక్కాయ పీచు తగిలింది. మోరీలో బోర్లిస్తున్న డబ్బా, అమ్మ ముఖం గుర్తొచ్చాయి. ఎదురుగా ఉన్న ఫరీహా ముఖం ఎట్లా ఉందో, తన ముఖమూ ఇప్పుడు అట్లాగే ఉండి ఉంటుందని నీలమ్మకు తెలిసింది. సిగ్గేసింది.

చెయ్యి కిందికి వాలిపోతోంది. పెదవులు బిగుసుకుంటున్నాయి. నీలమ్మ ఆ మణికట్టు పట్టుకొని తన వైపు తిప్పుకుంది. నోరు తెరిచింది.

గోరువెచ్చటి అన్నం, ఉప్పు, ఒక ఎండుద్రాక్ష, పళ్లకు తగిలిన వేలు. మింగుడుపడలేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి. నమిలింది, ఇంకా నమిలింది, గొంతు పట్టుకొని మింగింది. జహీరా బీ ఆమె నోటివైపే చూస్తూ ఉంది. గొంతు కదిలాక, సరే అన్నట్టు తల ఊపి, రెండో ముద్ద కలిపి తన నోట్లో పెట్టుకుంది.

తిన్నది. పక్కలకు రాలుస్తూ, సొంగ కారుస్తూ, ఒళ్లంతా మెతుకులు చేసుకుంటూ తిన్నది. మధ్యమధ్యలో నీలమ్మకు పెట్టింది. నీలమ్మ ప్రతిసారీ కళ్లు మూసుకొని మింగింది. ప్రకాశం ఫోన్ తీసి దగ్గరికి వచ్చాడు. “బ్యూటిఫుల్! నీలమ్మా, ఇటు చూడు.”

“ఫోటో దించినవంటే ఈ థాల్ నీ నెత్తిన బోర్లిస్త!” ఆ కోపంలో సార్ అనే మాట కూడా మరిచిపోయింది. ఫోన్ జేబులోకి పోయింది.

ఆ రాత్రి గొట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ వెళ్లిపోతుండగా నీలమ్మ వెనక నల్లా దగ్గర నోరు పుక్కిలిస్తోంది. ఎంత పుక్కిలించినా పోవడం లేదు. ఫరీహా వచ్చి పక్కన నిలబడింది.

“నీకు అసహ్యం కాలేదా?”

“అయింది. ఇంకా అయితనే ఉంది.”

“మరి ఎట్ల తిన్నవు?”

“నోట్లె పెట్టుకొని మింగిన. ఇంకెట్ల తింటరు?”

ఫరీహా నల్లా వైపు చూస్తూ, “దుకాణంల ఎవరెవరివో పాదాలు ఒళ్లె పెట్టుకొని కడుగుత. పుండ్లున్నా కడుగుత. అమ్మీ చెయ్యి మాత్రం...” అని ఆగిపోయింది. నీలమ్మ ఆమెను ఓదార్చలేదు. అంత మంచితనం ఆమెలో ఆ పూటకు మిగల్లేదు.

“శుక్రవారం రా, జుమ్మా నాడు. నీ ముద్ద నీ కోసం ఉంటది. నీది కూడా నేనే తినాల్నంటే నాతోని కాదు” అంది.

మరునాడు మధ్యాహ్నం నీలమ్మ, షాహెద్‌ను అడిగి ఉంచుకున్న ఒక థాల్‌ను జహీరా బీ ముందు పెట్టింది. తన టిఫిన్ డబ్బా మూత తీసింది. ఇంట్లో తన చేత్తో వండుకున్న అన్నం, దోసకాయ పప్పు. ఇన్నేండ్లుగా మూలకు తిరిగి తిన్న డబ్బాను అందులో గుమ్మరించింది. అమ్మ చూస్తే ఏమనేదో అనుకుంది.

జహీరా బీ చెయ్యి వచ్చింది. పప్పును, అన్నాన్ని బురద తొక్కినట్టు పిసికింది. వేళ్ల సందుల్లోంచి పసుపుపచ్చగా కారుతున్న ముద్ద నీలమ్మ మూతి దగ్గరికి వచ్చి ఆగింది.

“ఛీ! గట్ల పిసుకుతరా ఎవరన్న? నీ చెయ్యి పాడుగాను!” అంటూనే నీలమ్మ నోరు తెరిచింది.